మూడుసార్లు మొలవని హబనేరో గింజలు: ఒక కేసు పూర్తి వివరాలు

పొట్లం విప్పి లెక్కపెడితే 46 గింజలు తేలాయి. హబనేరో మిరప. ఏడాది కిందట మాస్టారు తన కుండీలోనే బాగా పండి రంగు తిరిగిన కాయల నుంచి తీసి దాచుకున్నవి. "ఇవి చచ్చిన గింజలేనమ్మా. పారేసే ముందు ఒక్కసారి నువ్వు చూస్తే నా మనసు కుదుటపడుతుంది" అన్నారు. అప్పటికే ఆయన మూడుసార్లు వేసి చూశారు. అరవైకి పైగా గింజలు పోయాయి, ఒక్క మొలక కూడా రాలేదు. తల్లి మొక్క వేరుకుళ్ళుతో ఎప్పుడో చనిపోయింది. ఆ రకం ఆయన దగ్గర మిగిలిందంటే ఈ పొట్లంలోనే.

నేను ఇంట్లో నారు పెంచి ఇస్తుంటాను. నా దగ్గరికొచ్చే ఫిర్యాదుల్లో సగానికి పైగా ఒకటే మాట: గింజ మంచిది కాదు. కొన్నిసార్లు అది నిజమే. కానీ గింజను తప్పుపట్టే ముందు చూడాల్సినవి చాలా ఉంటాయి, ఎవరూ చూడరు. ఈ కేసును మొదటి నుంచి చివరిదాకా రాస్తున్నది అందుకే. ఇందులో నేను చేసిన పొరపాటు కూడా ఒకటుంది, దాన్నీ దాచకుండా రాస్తున్నాను.

ముందు ఏం జరిగిందో అడిగాను

గింజల్ని చూడకముందే నేను అడిగేవి మూడే: ఎక్కడ పెట్టారు, ఎంత తడి పెట్టారు, ఎన్ని రోజులు ఆగారు.

మొదటిసారి గ్లాసు నీళ్ళలో వేసి మూడు రోజులు వదిలేశారు. మునిగిన గింజలే మొలుస్తాయని ఎక్కడో విన్నారట. రెండో రోజుకి నీళ్ళు కాస్త మసకబారాయి, మూడో రోజుకి వాసన వచ్చింది. తీసి మట్టిలో వేస్తే ఏమీ రాలేదు. గింజ నీరు పీల్చుకోవడం మొదలుపెట్టగానే ఊపిరి తీసుకోవడం కూడా మొదలుపెడుతుంది. కదలని నీళ్ళలో కరిగి ఉండే గాలి చాలా తక్కువ. పన్నెండు గంటలు, మహా అయితే ఒక రోజు నానబెడితే ఫరవాలేదు. అంతకు మించితే లోపల పిండానికి ఊపిరాడదు, పైన బ్యాక్టీరియా పెరుగుతుంది.

రెండోసారి టిష్యూ పేపర్‌లో చుట్టి, జిప్‌లాక్ కవర్లో పెట్టి, వంటగది అల్మారాలో ఉంచారు. చలిరోజులు. పేపర్ ఎంత తడిగా ఉందని అడిగితే, "కవర్ ఎత్తితే మూలలో నీళ్ళు చేరేవి" అన్నారు. పన్నెండో రోజున విప్పి చూసి, ఏమీ లేదని పారేశారు.

మూడోసారి వెచ్చదనం కావాలని ఎవరో చెప్పారు. ఎప్పుడూ ఆన్‌లో ఉండే సెట్‌టాప్ బాక్స్ మీద పెట్టారు. గరుకు కాగితంతో పొట్టు రుద్దాలని ఇంకెవరో చెబితే సగం గింజలకు అదీ చేశారు. మూడో రోజుకే గింజలు మెత్తబడ్డాయి, నాలుగో రోజుకి బూజు పట్టింది. తర్వాత నా మాట మీద అదే చోట థర్మామీటర్ పెట్టి రోజంతా చూస్తే మధ్యాహ్నానికి 43 డిగ్రీలు చూపించింది.

ఆ గరుకు కాగితం సలహా గురించి ఒక మాట చెప్పాలి. శంఖుపుష్పం, తామర లాంటి వాటికి అది పనికొస్తుంది. వాటి పొట్టు నీటిని లోపలికి రానివ్వదు, గీత పడితేనే నీరు దిగుతుంది. మిరపకు ఆ బాధ లేదు. దాని పొట్టు గుండా నీరు కొన్ని గంటల్లోనే లోపలికి పోతుంది. అడ్డంకి పొట్టు కాదు, దాని లోపల ఉంది. రుద్దడం వల్ల దక్కేది గాయమూ, బూజుకు దారీ.

మాస్టారు నిర్లక్ష్యం చేసిన మనిషి కాదు. చెప్పింది చెప్పినట్టు చేశారు. కానీ ఒకసారి గాలి లేదు, ఒకసారి వెచ్చదనం లేదు, ఒకసారి వేడి మరీ ఎక్కువైంది. మూడు వేర్వేరు కారణాలు. బయటికి మాత్రం మూడూ ఒకేలా కనిపించాయి, మొలక రాలేదు అని. అలాంటప్పుడు ఎవరైనా గింజనే అనుమానిస్తారు.

గింజను కోసి చూడటం

రంగు లేత గడ్డిరంగు, అక్కడక్కడ గోధుమరంగు మచ్చ. మచ్చలున్నవన్నీ చెడ్డవి కావు. నీళ్ళలో వేస్తే మునుగుతాయా తేలుతాయా అనే పరీక్ష మిరపకు నేను నమ్మను. గింజ పలుచగా, బల్లపరుపుగా ఉండి గాలి పట్టుకుంటుంది కాబట్టి మంచి గింజ కూడా తేలుతుంది.

నేను నమ్మేది బ్లేడు. ఆరు గింజల్ని రాత్రంతా తడి పేపర్‌లో ఉంచి, పొద్దున ఒక్కొక్కటీ పలక మీద పెట్టి అడ్డంగా కోశాను. పొట్టు లోపల తెల్లటి పదార్థం, దాని మధ్యలో నత్తగుల్లలా చుట్టుకున్న పిండం. తొలివేరు కొస గింజకున్న చిన్న ముక్కు వైపు తిరిగి ఉంటుంది, బీజదళాలు, అంటే మొలకకు వచ్చే మొదటి ఆకులు, లోపలికి మడిచి ఉంటాయి. ఆరింటిలో అయిదు పాలమీగడలా తెల్లగా ఉన్నాయి, సూదిమొనతో నొక్కితే గట్టిగా నిలిచాయి. ఒకటి మాత్రం మైనంలా పసుపుపచ్చగా మారి, నొక్కగానే నలిగింది.

దీనితో తెలిసేది గింజ నిండుగా ఉందని, కుళ్ళలేదని. ప్రాణం ఉందని ఖాయంగా చెప్పలేం. ప్రయోగశాలల్లో అయితే టెట్రజోలియం ద్రావణంలో ఉంచుతారు, ఊపిరి తీసుకుంటున్న కణజాలం ఎర్రగా మారుతుంది. నా దగ్గర ఆ సదుపాయం లేదు. "బతికే ఉండొచ్చు మాస్టారూ. మిగిలిన నలభై నాకు వదిలేయండి, నెల రోజులు అడగొద్దు" అన్నాను. సరేనన్నారు. మూడో రోజే ఫోన్ చేశారు.

వెచ్చదనం ఎందుకు ఇంత ముఖ్యం

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. ఈ కేసంతా దీని మీదే నడిచింది.

ఎండు గింజ తడి తగలగానే మొదటి కొన్ని గంటల్లో గబగబా నీరు తాగుతుంది, ఉబ్బుతుంది. ఇందులో ప్రాణానికి పనిలేదు, చచ్చిన గింజ కూడా ఇలాగే ఉబ్బుతుంది. చూసిన వాళ్ళు మొలక రాబోతోందని సంబరపడతారు. ఆ తర్వాత నీరు పీల్చడం దాదాపు ఆగిపోతుంది. పైకి ఏ కదలికా ఉండదు. కానీ అసలు పని అప్పుడే జరుగుతుంటుంది. లోపల ఎంజైములు మేల్కొంటాయి, దాచుకున్న ఆహారం కరుగుతుంది, దెబ్బతిన్న డీఎన్‌ఏ మరమ్మతు అవుతుంది. మూడో దశలో తొలివేరు సాగి పొట్టు చీల్చుకుని బయటికొస్తుంది, నీరు మళ్ళీ వేగంగా లోపలికి పోతుంది.

మిరపలో ఆ మధ్య దశే పొడుగు. తొలివేరు కొసకు ఎదురుగా పిండాహారపు పొర, అంటే పిండం చుట్టూ ఉన్న ఆ తెల్లటి పదార్థపు పొర, టోపీలా కమ్ముకుని ఉంటుంది. వేరుకి దాన్ని పొడుచుకుని వచ్చేంత బలం లేదు. పిండం నుంచి జిబ్బరెల్లిన్ అనే హార్మోను వెళ్ళి, ఎంజైములు పుట్టించి, ఆ పొర గోడల్ని మెల్లగా కరిగించి మెత్తబరచాలి. ఇదంతా రసాయన చర్య. దాని వేగం ఉష్ణోగ్రతను బట్టే ఉంటుంది. 28, 30 డిగ్రీల దగ్గర మామూలు మిరప వారం, పది రోజుల్లో మొలుస్తుంది. 20 దగ్గర రెండు, మూడు వారాలు తీసుకుంటుంది. 15కి దిగితే దాదాపు కదలదు. హబనేరో జాతి క్యాప్సికమ్ చైనెన్స్, మామూలు మిరప కన్నా ఇంకా నెమ్మది. మంచి వెచ్చదనంలో కూడా రెండు, మూడు వారాలు పట్టడం మామూలే. పైవైపు చూస్తే, 40 దాటిన వేడిలో రోజుల తరబడి ఉంటే తడి గింజ మొలవకుండానే చెడిపోతుంది.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. గది 26 ఉందంటే గింజ దగ్గర 26 ఉన్నట్టు కాదు. తడి కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) పై నుంచి నీరు ఆవిరవుతుంటే అది చల్లబడుతుంది. మూత లేని ట్రేలో రెండు, మూడు డిగ్రీలు తక్కువ చూడటం నాకు అలవాటే. అందుకే థర్మామీటర్ మొన గోడకు కాదు, గింజ వేసిన లోతులో ఉండాలి.

ఎలా వేశాను

నలభై గింజల్ని చూడకుండా పది పది చొప్పున నాలుగు భాగాలు చేశాను. మొదటి భాగం తడి పేపర్‌లో, 28 నుంచి 30 డిగ్రీల వెచ్చని పెట్టెలో. రెండోది నేరుగా ప్రోట్రేలో (చిన్న గుంటలున్న నారు ట్రే), కోకోపీట్, వర్మికులైట్ అనే తేలికపాటి ఖనిజం కలిపిన మిశ్రమంలో, అర సెంటీమీటరు లోతున, అదే పెట్టెలో. మూడోది పన్నెండు గంటలు నానబెట్టి ఆ తర్వాత అదే మిశ్రమంలో, అదే పెట్టెలో. నాలుగోది మళ్ళీ తడి పేపర్, కానీ గదిలోనే, మాస్టారి అల్మారాలాంటి చోట. అక్కడ రాత్రి 17, పగలు 21 ఉండేది.

పెట్టె అంటే ఏమీ లేదు, థర్మోకోల్ డబ్బాలో అడుగున థర్మోస్టాట్ (వేడిని పెట్టిన హద్దులో ఆపే పరికరం) ఉన్న హీట్ మ్యాట్. థర్మోస్టాట్ లేని మ్యాట్ వాడొద్దని గట్టిగా చెబుతాను. మూత వేసిన డబ్బాలో అది ఎంతకు పోతుందో ఎవరి చేతిలోనూ ఉండదు.

పేపర్ తడికి నా కొలత ఒకటే: గుప్పిట్లో పెట్టి గట్టిగా పిండాలి, విప్పాక మళ్ళీ ఒత్తితే చుక్క రాలకూడదు. పేపర్ నిగనిగలాడుతోందంటే నీళ్ళు ఎక్కువైనట్టే. జిప్ కవర్లో గాలి ఉంచి మూయాలి, రోజు విడిచి రోజు తెరిచి గాలి మార్చాలి. కవర్ల మీద తేదీ, సంఖ్య రాశాను. ఏ మందూ, ఏ ద్రావణమూ వాడలేదు. పొటాషియం నైట్రేట్ లీటరుకు రెండు గ్రాములు కలిపి తడిపితే నిద్రావస్థలో ఉన్న మిరప గింజలు లేస్తాయని ప్రయోగశాల పద్ధతుల్లోనే ఉంది. కానీ ఇక్కడ కారణం వెతుకుతున్నాను కాబట్టి అన్నీ ఒకేసారి మార్చదలుచుకోలేదు.

ఏం జరిగింది

ఎనిమిదో రోజు సాయంత్రం మొదటి భాగంలో ఒక గింజ ముక్కు దగ్గర పొట్టు సన్నగా చీలి, లోపలి నుంచి తెల్లటి చుక్క కనిపించింది, నువ్వుగింజ కొసంత. భూతద్దం తెచ్చుకుని చూశాను. మాస్టారికి వెంటనే చెప్పాలనిపించింది, కానీ ఒక్కదానితో ఆశ పెట్టడం ఇష్టం లేక ఆగాను. పదో రోజుకి మూడు, పదిహేడో రోజుకి ఎనిమిది.

నానబెట్టి వేసిన మూడో భాగంలో పదో రోజున మొదటి మెడ వంపు, అంటే మొలక వంగిన కాడ, పైకి కనిపించింది. నేరుగా వేసిన దానిలో పన్నెండో రోజున. రెండింటిలోనూ ఇరవై ఒకటో రోజుకి ఏడేసి వచ్చాయి. వేరు వచ్చిన తర్వాత మట్టి పైకి రావడానికి ఎలాగూ రెండు, మూడు రోజులు పడుతుంది కాబట్టి, పేపర్ ముందుందన్నది కొంతవరకు చూపు భ్రమే. పదేసి గింజల్లో ఏడుకీ ఎనిమిదికీ తేడా చూసి ఏ పద్ధతి గొప్పదో నేను చెప్పను.

నాలుగో భాగం సంగతి వేరు. ఇరవై ఒకటో రోజుకి ఒకే ఒక్కటి చీలింది. మిగతా తొమ్మిదీ పెట్టిన రోజు ఎలా ఉబ్బాయో అలాగే ఉన్నాయి.

నేనూ వాటిని పారేయబోయాను. అంతర్జాతీయ విత్తన పరీక్షా నియమాల్లో మిరప జాతులకు మొలకల మొదటి లెక్క ఏడో రోజు, ఆఖరి లెక్క పద్నాలుగో రోజు. ఆ అంకె చూసుకుని పెరిగినదాన్ని నేను. కానీ ఆ పద్నాలుగు రోజులు 20కీ 30కీ మధ్య మారుస్తూ ఉంచిన వెచ్చదనానికి లెక్క. 17 డిగ్రీల అల్మారాకు ఆ లెక్క వర్తించదు. గింజల్ని వేలితో నొక్కి చూశాను. ఏడు గట్టిగా ఉన్నాయి, రెండు మెత్తబడి వాసన వస్తున్నాయి. ఆ రెండూ తీసేసి, మిగతా వాటిని కొత్త పేపర్‌లోకి మార్చి వెచ్చని పెట్టెలో పెట్టాను.

మూడో రోజుకి రెండు చీలాయి. ఎనిమిదో రోజుకి ఆరు.

అంటే మాస్టారు పన్నెండో రోజున పారేసిన ఆ రెండో విడతలో చాలా గింజలు బతికే ఉండి ఉంటాయి. ఈ మాట ఆయనతో చెప్పడానికి నాకు మనసొప్పలేదు, అయినా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే చావలేదన్నమాట" అన్నారు.

మొలవకపోవడాన్నీ చావునూ ఒకటిగా చూడటం మనకు అలవాటైపోయింది. 1879లో విలియం జేమ్స్ బీల్ అనే వృక్షశాస్త్రవేత్త మిషిగన్‌లో కలుపు గింజలు నింపిన 20 సీసాలు పాతిపెట్టాడు, ఎన్నేళ్ళు బతుకుతాయో చూద్దామని. 2021లో తవ్వి తీసిన సీసాలోని గింజలు కొన్ని మొలిచాయి. మిరపకు అంత ఆయుష్షు లేదు. కానీ పన్నెండు రోజులకు తీర్పు చెప్పడం మాత్రం అన్యాయం. ఉబ్బి, గట్టిగా, వాసన లేకుండా ఉన్న గింజను నేను ఇప్పుడు ఆరు వారాల దాకా పారేయను.

నా పొరపాటు

పేపర్‌లో మొలిచిన గింజను తొలివేరు మూడు నుంచి అయిదు మిల్లీమీటర్లు ఉండగానే మిశ్రమంలోకి మార్చాలి. పదకొండో రోజున నాకు వేరే పని పడి, కవర్ తెరవలేదు. పన్నెండో రోజు సాయంత్రం చూసేసరికి రెండు వేర్లు సెంటీమీటరున్నర సాగి టిష్యూ పోగుల్లోకి దూరిపోయాయి. ఒకదాన్ని పేపర్ ముక్కతో సహా కత్తిరించి నాటాల్సింది. ఆ ఆలోచన రాక, తడిపి మెల్లగా లాగాను. టప్పున తెగింది. ఆ చప్పుడు నిజంగా వినిపించదు, వేళ్ళకు తెలుస్తుంది. రెండోది పేపర్‌తోనే నాటాను, కానీ అప్పటికే కొస నలిగింది, నాలుగు రోజుల తర్వాత వాడిపోయింది. మిగిలినవే తక్కువ ఉన్న గింజల్లో రెండు నా ఆలస్యం వల్ల పోయాయి.

అప్పటి నుంచి వంటింటి టిష్యూ మానేసి కాఫీ ఫిల్టర్ పేపర్ వాడుతున్నాను. దాని అల్లిక గట్టిది, వేరు అంత తేలిగ్గా దూరదు. మార్చేటప్పుడు వేరును పట్టుకోను. తడిపిన పుల్ల కొసతో పొట్టు వైపు నుంచి ఎత్తి, ముందే చేసిన గుంటలో వేరు కిందికి వచ్చేలా వదులుతాను. కాస్త పక్కకు పడినా ఫరవాలేదు, వేరు కొసలోని కణాలకు కిందు ఎటో తెలుసు, రోజు తిరక్కుండానే వంగుతుంది. పైన మిశ్రమం వదులుగా కప్పి, వేలితో అదమకుండా పొగమంచులా నీళ్ళు చల్లాలి.

మొలిచాక పోయినవి

మొలిచింది కదా అని అక్కడితో అయిపోదు. నాలుగో భాగంలో ఒక మొలక పొట్టును టోపీలా తలమీద పెట్టుకునే పైకొచ్చింది. లోతు తక్కువైనా, పైపొర ఎండినా ఇలా అవుతుంది. పొట్టు మట్టిలో రాసుకుని ఊడే అవకాశం దొరకదు. నీటిచుక్క పెట్టి, పైన చిన్న మూత బోర్లించి ఒక రాత్రి ఆగితే చాలాసార్లు దానంతట అదే జారుతుంది. దీనికి జారలేదు. పట్టకారుతో తీస్తే బీజదళాలు సగం దానితోపాటే వచ్చాయి. బతకలేదు.

రెండో భాగంలో ఒకటి నారుకుళ్ళుతో పోయింది. నేల దగ్గర కాడ దారంలా సన్నబడి, పొద్దుటికి పక్కకు వాలి ఉంది. మూత తీయడం ఒక రోజు ఆలస్యమైంది, తడి ఎక్కువైంది. మొదటి మెడ వంపు కనబడగానే మూత తీసి గాలి ఆడేలా చేయాలి, వెచ్చదనం 22, 24కి దించాలి, వెలుతురు వెంటనే ఇవ్వాలి. చీకట్లో వెచ్చగా ఉంచిన మొలక రెండు రోజుల్లోనే బలహీనంగా సాగిపోతుంది. ఆ సాగుడు వెనక్కి రాదు. మిగతా ట్రేలలో పైపొర ఆరనిచ్చి, అడుగు నుంచి మాత్రమే నీరు పెట్టాను. ఇంకొకటి పోలేదు.

మొత్తం మీద 40 గింజల్లో 29 మొలిచాయి, 25 మొక్కలు నిలిచాయి: మొదటి భాగం నుంచి ఆరు, రెండో దాని నుంచి ఆరు, మూడో దాని నుంచి ఏడు, నాలుగో దాని నుంచి ఆరు. నాలుగు గుంపులూ ఒక్కచోటికే చేరాయి. వెచ్చదనం అందాక ఏ పద్ధతైనా మొలిపించింది, మొలిచాక పోయినవి చెయ్యి ఆలస్యం వల్లో తడి తూకం తప్పడం వల్లో పోయాయి.

గింజ పాతదో, అపురూపమైనదో అయితే ఇప్పటికీ పేపర్‌లోనే పెడతాను, లోపల ఏం జరుగుతోందో కంటికి కనబడుతుంది కాబట్టి. కొత్త గింజ, సరిపడా ఉంటే నేరుగా ట్రేలోనే వేస్తాను. వేరును ముట్టుకోనక్కర్లేదు, అంతకన్నా ఏం కావాలి.

మాస్టారి పొట్లం గురించి ఇంకో మాట. అది ఏడాదంతా పొయ్యికి దగ్గరి అరలో, మామూలు కాగితంలో ఉంది. గింజలో తేమ ఒక్క శాతం తగ్గితే ఆయుష్షు రెట్టింపవుతుందని, ఉష్ణోగ్రత అయిదారు డిగ్రీలు తగ్గినా రెట్టింపవుతుందని విత్తన శాస్త్రవేత్త హారింగ్టన్ చెప్పిన మోటు లెక్క ఒకటుంది. బాగా ఎండిన గింజలకు అది చాలావరకు పనికొస్తుంది. ఆ అరలో వేడి, ఆవిరి రెండూ ఉన్నాయి. అంత జరిగినా పదికి ఏడు మొలిచాయంటే, తీసిన రోజున ఆ గింజలు ఎంత మంచివో ఆలోచించండి.

పదిహేను మొక్కలు ఆయన తీసుకెళ్ళారు, పది నా దగ్గర ఉంచమన్నారు, ఒకచోట పోయినా రెండోచోట ఉంటుందని. నా దగ్గరున్న వాటిలో మొదటి మొగ్గ తొడిగింది అల్మారాలో మూడు వారాలు పడుకున్న నాలుగో భాగంలోని మొక్కే. ఈసారి గింజలు నీడలో, వంచితే విరిగేంతగా ఆరబెట్టి, సిలికా జెల్ వేసిన గాజుసీసాలో ఫ్రిజ్‌లో పెట్టాలని ఇద్దరం అనుకున్నాం. సెట్‌టాప్ బాక్స్ మీద ఉన్న థర్మామీటర్‌ను మాస్టారు తీసి ట్రేలో గుచ్చారు.